ఫార్మాస్యూటిక్స్, డ్రగ్ డిజైన్ చదవడం ఎలా: ఒకే మందును పట్టుకుని బీఫార్మసీ దాటే దారి

మూడో సెమిస్టర్‌లో ఉన్నవాళ్ళు అడుగుతారు: "మాకు డ్రగ్ డిజైన్ ఇష్టం, ఈ ఫిజికల్ ఫార్మాస్యూటిక్స్ లెక్కలు దేనికి?" ఎనిమిదో సెమిస్టర్ వాళ్ళు అడుగుతారు: "డాకింగ్ (కంప్యూటర్‌లో మందు అణువును ప్రొటీన్‌లో అమర్చి చూడడం) అంతా చేశాం, వైవాలో మీ మందు పీకేఏ ఎంత అంటే నోరు పెగల్లేదు, ఎక్కడ పొరపాటు జరిగింది?" ఈ రెండు ప్రశ్నలకూ మూలం ఒకటే. అణువును తయారుచేసే చదువు వేరు, దాన్ని మాత్రగా మలిచే చదువు వేరు అనుకోవడం. పీకేఏ (మందు అణువుల్లో సగం అయానీకరణ చెందే పీహెచ్) అనే ఒక్క అంకె మాత్ర కరగడంలోనూ, పేగు గోడ దాటడంలోనూ, ప్రొటీన్‌కు అతుక్కోవడంలోనూ కనిపిస్తుంది. ఆ సంబంధం పట్టుబడితే సగం సిలబస్ దానంతట అదే కలిసివస్తుంది.

అందుకే నేను చెప్పే పద్ధతి ఒక్క మందును ఎంచుకుని నాలుగేళ్ళూ దాని వెంట నడవడం. ఇక్కడ నొప్పి మందు ఐబుప్రొఫెన్‌ను తీసుకుంటున్నాను. చౌకగా దొరుకుతుంది, సమాచారానికి కొదవ లేదు. పైగా కరగడంలోనూ అచ్చు కావడంలోనూ మొండిది కాబట్టి నేర్పేది ఎక్కువ.

1. చేరే ముందు చూసుకోవలసినవి

ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ బీఫార్మసీ సీట్లు ఈఏపీసెట్ ద్వారా వస్తాయి. ఎంపీసీ వాళ్ళూ బైపీసీ వాళ్ళూ అర్హులే. డీఫార్మసీ చదివినవాళ్ళు ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరవచ్చు. మొదటి సెమిస్టర్‌లో బైపీసీ వాళ్ళకు రెమెడియల్ మ్యాథమెటిక్స్, ఎంపీసీ వాళ్ళకు రెమెడియల్ బయాలజీ ఉంటాయి. బైపీసీ వాళ్ళకు నా మాట: ఈ మ్యాథమెటిక్స్‌ను పాసు మార్కులతో వదిలేయకండి. లాగరిథమ్ రానివాళ్ళకు ఆరో సెమిస్టర్‌లో ఫార్మకోకైనటిక్స్ (మందు ఒంట్లోకి వెళ్ళి బయటికి పోయే లెక్క) చుక్కలు చూపిస్తుంది.

కాలేజీ ఎంచుకునేటప్పుడు భవనాన్ని కాదు, పరికరాల గదిని చూడండి.

- ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఈ ఏడాదికి ఉందా? కౌన్సిల్ వెబ్‌సైటులో స్వయంగా చూడండి.
- టాబ్లెట్ మిషన్, డిసల్యూషన్ (మాత్ర కరిగే వేగం కొలిచే) పరికరం, యూవీ స్పెక్ట్రోఫొటోమీటర్ పనిచేస్తున్నాయా?
- హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమాన్ని విడదీసి కొలిచే యంత్రం) ఉందని చెబితే దాని లాగ్‌బుక్ అడగండి. చివరి నమోదు తేదీ ఏడాది కిందటిదైతే ఆ యంత్రం తనిఖీల కోసం ఉన్నట్టే లెక్క.
- కంప్యూటర్ ల్యాబ్‌ను విద్యార్థులకు తరగతి వేళలు దాటాక కూడా తెరుస్తారా?

2. ఒక మందు, ఒక నోటుపుస్తకం

మొదటి సెమిస్టర్‌లోనే 200 పేజీల లాంగ్ నోటుబుక్ ఒకటి కొనండి. ల్యాబ్ రికార్డుతో దీనికి సంబంధం లేదు, ఇది ఎవరికీ చూపించనక్కర్లేదు. మొదటి పేజీలో మందు పేరు, నిర్మాణం చేత్తో గీయండి. తర్వాత ఏ సబ్జెక్టులో ఏ కొత్త విషయం వచ్చినా "ఇది నా మందుకు ఎలా వర్తిస్తుంది" అని ఒక పేరా రాయండి.

మందు ఎంపికలో చిన్న జాగ్రత్తలు:

- నోటి ద్వారా వేసుకునే మాత్రగా దొరకాలి.
- ఆమ్లమో క్షారమో అయి ఉండాలి. అయానీకరణ లేని మందుతో పీహెచ్ పాఠం సాగదు.
- ప్రొటీన్‌తో కలిసి ఉన్న స్ఫటిక నిర్మాణం ప్రొటీన్ డేటా బ్యాంకులో ఉండాలి. డాకింగ్ దగ్గర ఇది అవసరం.
- యూవీలో కొలవగలిగేదై ఉండాలి. కాలేజీలో అందుబాటులో ఉండే కొలత పరికరం అదే.

క్యాన్సర్ మందులు, హార్మోన్లు ఎంచుకోవద్దు. ధర సంగతి అటుంచి, వాటి పొడిని విద్యార్థులు ముట్టుకోకూడదు.

3. అంకెలు సేకరించడం, వాటితో లెక్క వేయడం

మూడు, నాలుగు సెమిస్టర్లలో ఫిజికల్ ఫార్మాస్యూటిక్స్ వస్తుంది. చాలామంది దీన్ని నిర్వచనాలుగా బట్టీపడతారు. మీరు మాత్రం మీ మందు అంకెలతో లెక్క వేయండి.

ఐబుప్రొఫెన్ అణుభారం 206.3. ద్రవీభవన స్థానం 75 నుంచి 78 డిగ్రీల సెల్సియస్. నీటిలో గది ఉష్ణోగ్రత దగ్గర లీటరుకు సుమారు 21 మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. పీకేఏ కొన్నిచోట్ల 4.4 అని, కొన్నిచోట్ల 4.9 అని కనిపిస్తుంది. ఇక్కడ కంగారు పడి ఒకటి కొట్టేయకండి. రెండూ రాసుకుని, ఎక్కడ చూశారో పక్కన పెట్టండి.

ఇప్పుడు హెండర్సన్-హాసెల్‌బాక్ సమీకరణంలో (పీహెచ్, పీకేఏల తేడా నుంచి అయానీకరణ పాళ్ళు చెప్పేది) వేయండి. పీహెచ్ 7.2 దగ్గర పీకేఏ 4.4 తీసుకుంటే తేడా 2.8. అంటే అయానీకరణ చెందని ఒక్కో అణువుకు చెందినవి సుమారు 630. పీకేఏ 4.9 వేస్తే అది 200 మాత్రమే. అరపాయింటు తేడా జవాబును మూడింతలు మార్చేసింది. ఈ లెక్క ఒక్కసారి చేత్తో వేసినవాళ్ళు ఆ తర్వాత మూలం రాయకుండా ఏ అంకెనూ వాడరు.

జీర్ణాశయంలో పీహెచ్ 1.2 దగ్గర ఇదే మందు దాదాపు పూర్తిగా అయానీకరణ లేని రూపంలో ఉంటుంది. పొర దాటడానికి అనువే, కానీ అక్కడ కరగదు. పేగులో కరుగుతుంది, కానీ ఎక్కువ భాగం అయాన్లుగా ఉంటుంది. మరి ఎక్కడ ఎక్కువగా శోషణ జరుగుతుంది? పుస్తకం మూసి జవాబు రాయండి. పేగు ఉపరితల వైశాల్యం ఎంత విశాలమైనదో గుర్తుకు రాకపోతే అనాటమీ నోట్సు మళ్ళీ తెరవాలి.

లిపిన్‌స్కీ నియమం సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. మందు నోటి ద్వారా పనిచేయాలంటే అణుభారం 500, లాగ్ పీ (నూనె వైపు ఎంత మొగ్గుతుందో చెప్పే అంకె) 5, హైడ్రోజన్ బంధ దాతలు 5, గ్రహీతలు 10 దాటకూడదన్నది 1997 నాటి సూచన. దాన్ని దాటినవన్నీ పనికిరావని రాసేవాళ్ళు ఉన్నారు. అటోర్వాస్టాటిన్ అణుభారం 558, అయినా ఎంతోమంది దాన్ని రోజూ మాత్రగానే మింగుతున్నారు.

4. పొడి నుంచి మాత్ర దాకా

అయిదో సెమిస్టర్ ఇండస్ట్రియల్ ఫార్మసీ ల్యాబులో చేయించేది ఎక్కువగా పారాసెటమాల్ మాత్రే. పద్ధతి అక్కడ నేర్చుకుని, మీ మందు మీద ప్రాజెక్టు సమయంలో ప్రయోగించండి. తడి గ్రాన్యులేషన్ (పొడిని గంజితో తడిపి గింజలుగా చేయడం) వరుస ఇది.

మొదట జల్లించి తూయండి. ముద్దలున్న పొడిని తూచి తర్వాత జల్లిస్తే జల్లెడలో మిగిలినదంతా మీ మోతాదులోంచి పోయినట్టే.

తర్వాత గంజి. మొక్కజొన్న పిండిని ముందు చల్లటి నీళ్ళలో కలిపి, ఆ పాలలాంటి ద్రవాన్ని మరుగుతున్న నీళ్ళలో పోస్తూ కలపాలి. పిండిని నేరుగా వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడుతుంది, ఎంత కలిపినా విడిపోవు. జావ కాచిన ఏ ఇంట్లోనైనా తెలిసిన విషయమే, ల్యాబుకొచ్చేసరికి ఎందుకో మరిచిపోతాం. ఐబుప్రొఫెన్ అయితే గంజి గోరువెచ్చగా అయ్యేదాకా ఆగండి.

గంజిని కొద్దికొద్దిగా కలపండి. ఎప్పుడు ఆపాలో చెప్పేది చెయ్యే. పిడికెడు ముద్ద తీసుకుని సున్నుండ చుట్టినట్టు నొక్కండి. ఆకారం నిలవాలి, వేళ్ళకు అంటకూడదు, బొటనవేలితో నొక్కితే ఫట్టున రెండు ముక్కలు కావాలి. పొడిపొడిగా రాలితే ఇంకొంచెం గంజి కావాలి. వేళ్ళకు అంటుకుందంటే దాటిపోయారు, మళ్ళీ పొడి కలపడం తప్ప మార్గం లేదు, అప్పుడు ఫార్ములా మారిపోతుంది. ఆ సంగతి రికార్డులో నిజాయతీగా రాయండి.

ముద్దను 12వ నంబరు జల్లెడలో నొక్కి, ఆరబెట్టి, 20వ నంబరులో మళ్ళీ జల్లించండి. ఆరబెట్టే దగ్గరే నా బ్యాచ్ పోయింది. పారాసెటమాల్‌కు పెట్టిన అలవాటు కొద్దీ డ్రయ్యర్‌ను 80 దగ్గర వదిలి భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ట్రేలో గ్రాన్యూల్స్ లేవు. చల్లారిన పాకంలా ఒకే పలక ఉంది. రెండేళ్ళ కిందట ద్రవీభవన స్థానం 75 అని నా చేత్తో రాసుకున్న పేజీ బ్యాగులోనే ఉంది. 45 దగ్గర ఎక్కువసేపు ఆరబెట్టడం మేలు.

అచ్చు వేయడానికి ముందు ప్రవాహ గుణం చూడండి. కొలజాడీలో గ్రాన్యూల్స్ 40 మిల్లీలీటర్లు ఉండి, తట్టాక 34కు దిగితే కార్ సూచిక (ఎంత శాతం తగ్గిందో చెప్పేది) 15 శాతం. అది మంచి ప్రవాహమే. 25 దాటితే మాత్రల బరువు ఒక్కతీరుగా రాదు, మిషన్‌ను తిట్టి లాభం లేదు.

చివరగా జారుడు కోసం కలిపే మెగ్నీషియం స్టియరేట్. ఇది కలిపాక రెండు మూడు నిమిషాలు చాలు. ఎక్కువసేపు కలిపితే ప్రతి గ్రాన్యూల్ చుట్టూ జిడ్డు పొర ఏర్పడి మాత్ర మెత్తబడుతుంది, నెమ్మదిగా కరుగుతుంది.

అచ్చులో వచ్చే తప్పులు, సవరణలు:

- మాత్ర పైభాగం టోపీలా ఊడుతోంది: లోపల గాలి చిక్కుకుంది, లేదా గ్రాన్యూల్స్ మరీ ఎండాయి, లేదా సన్నపొడి ఎక్కువైంది. మిషన్ వేగం, ఒత్తిడి తగ్గించండి, సన్నపొడి జల్లించి తీసేయండి.
- పంచ్‌కు (మాత్రను నొక్కే కడ్డీకి) పొడి అంటుతోంది: తేమ ఎక్కువ. ఐబుప్రొఫెన్‌కు తక్కువ ద్రవీభవన స్థానం వల్ల ఇది సహజ గుణం. పంచ్ తుడిచి మెరుగుపెట్టండి, కొలాయిడల్ సిలికా కొద్దిగా కలపండి, గది చల్లగా ఉంచండి. స్టియరేట్ పెంచుకుంటూ పోవడం అందరూ చేసే తప్పు.
- మచ్చలు: రంగు సరిగా కలవలేదు, లేదా ఆరేటప్పుడు పైకి తేలింది.
- బరువులో తేడా: ప్రవాహం లేదా హాపర్‌లో మిగిలిన పొడి మట్టం చూడండి.

మాత్ర తయారయ్యాక పరీక్షలు. 20 మాత్రల సగటు బరువు 320 మిల్లీగ్రాములైతే భారత ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) ప్రకారం హద్దు 5 శాతం, అంటే 304 నుంచి 336. రెండుకు మించి ఈ హద్దు దాటకూడదు, ఒక్కటి కూడా 288-352 దాటకూడదు. ఫ్రయబిలిటీకి (మాత్ర రాలిపోయే గుణానికి) నిమిషానికి 25 చుట్ల వేగంతో 4 నిమిషాలు, నష్టం 1 శాతం లోపు. పూత లేని మాత్ర 15 నిమిషాల్లో విడిపోవాలి. విడిపోవడం వేరు, కరగడం వేరు. వైవాలో తప్పకుండా అడిగే ప్రశ్న ఇది.

5. డిసల్యూషన్

మళ్ళీ ఆ 21 మిల్లీగ్రాముల అంకె తీయండి. పరికరంలో పోసేది 900 మిల్లీలీటర్లు. మామూలు నీళ్ళయితే అందులో కరిగేది సుమారు 19 మిల్లీగ్రాములు. మీ మాత్రలో ఉన్నది 200. పదో వంతు కూడా కరగదు. అదే పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో, ఇందాక వేసిన 630 లెక్క ప్రకారం, కరిగే శక్తి లీటరుకు గ్రాముల్లోకి వెళ్తుంది. ఈ మందుకు బఫర్ ఎందుకు వాడతారో ఇక బట్టీపట్టనక్కర్లేదు.

- ఉష్ణోగ్రత 37 డిగ్రీలు, అటూ ఇటూ 0.5. థర్మామీటర్‌తో పాత్ర లోపల చూడండి, బయటి తొట్టెలో కాదు.
- బఫర్‌లోని గాలి తీసేయండి. మాత్రకు బుడగలు అంటుకుంటే ఫలితం తప్పుతుంది.
- పరికరాన్ని నంబరుతో కాకుండా పేరుతో రాయండి. అమెరికా ఫార్మకోపియాలో బాస్కెట్ ఒకటి, ప్యాడిల్ రెండు. భారత ఫార్మకోపియా పాత సంచికల్లో ఇది తలకిందులుగా ఉండేది.
- నమూనా 5 మిల్లీలీటర్లు తీసిన వెంటనే అంతే వెచ్చని బఫర్ పోయండి, లెక్కలో ఆ సవరణ చేర్చండి.
- వడపోతలో మొదటి చుక్కలు పారబోయండి. యూవీలో 221 నానోమీటర్ల దగ్గర చదవండి.

విడుదల 140 శాతం వచ్చిందని హడావుడి పడేవాళ్ళు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. చాలావరకు డైల్యూషన్ ఫ్యాక్టర్‌ను రెండుసార్లు వేసి ఉంటారు.

6. డాకింగ్: తెరమీద చేసే పని

ఆరో సెమిస్టర్ మెడిసినల్ కెమిస్ట్రీలో డ్రగ్ డిజైన్ పరిచయం, ఎనిమిదిలో ఐచ్ఛికంగా కంప్యూటర్ ఎయిడెడ్ డ్రగ్ డిజైన్ వస్తాయి. అప్పటిదాకా ఆగనక్కర్లేదు. ఆటోడాక్ వీనా ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

మొదటి మెట్టు: ప్రొటీన్. డేటా బ్యాంకులో 4పీహెచ్9 అనే నిర్మాణం తీసుకోండి. ఎలుక కాక్స్-2 (నొప్పి, వాపు కలిగించే పదార్థాలను తయారుచేసే) ఎంజైములో ఐబుప్రొఫెన్ కూర్చుని ఉన్న స్ఫటికం అది. ఒక గొలుసు ఉంచి రెండోది తీసేయండి. స్ఫటికం కోసం వాడిన డిటర్జెంటు, చక్కెర అణువులు తొలగించండి. హీమ్‌ను మాత్రం ఉంచండి, అది ఎంజైములో భాగం. నీటి అణువులను కళ్ళు మూసుకుని తుడిచేసే ముందు మందుకూ ప్రొటీన్‌కూ మధ్య వంతెనగా ఏదైనా ఉందేమో చూడండి. ఈ మాట ఎందుకంటే, హెచ్ఐవీ ప్రొటియేజ్‌లో 50వ స్థానంలోని ఐసోల్యూసిన్ అమైనో ఆమ్లాల దగ్గర అలాంటి నీటి అణువు ఒకటి ఉంది, దాన్ని తోసేసి ఆ చోటులో కూర్చునేలా ప్రత్యేకంగా అణువులనే రూపొందించారు.

రెండో మెట్టు: మందు. పబ్‌కెమ్‌లో (అణువుల సమాచార నిధి) ఐబుప్రొఫెన్ అని వెతికితే మొదట వచ్చేది ఎడమ-కుడి భేదం చెప్పని రూపం. కాక్స్‌ను గట్టిగా అడ్డుకునేది ఎస్ రూపం. అది డెక్స్‌ఐబుప్రొఫెన్ పేరుతో దొరుకుతుంది, దాన్నే దించుకోండి. తర్వాత కార్బాక్సిల్ గుంపును చూడండి. శరీర పీహెచ్ 7.4 దగ్గర హైడ్రోజన్ ఊడి రుణావేశంతో ఉండాలి. పీకేఏ పేజీ ఇక్కడ మళ్ళీ పనికొచ్చింది. హైడ్రోజన్ ఉంచేస్తే 120వ ఆర్జినిన్‌తో ఏర్పడే అసలు బంధమే తప్పుగా కనిపిస్తుంది.

మూడో మెట్టు: పెట్టె. స్ఫటికంలో మందు ఉన్న చోటు మధ్యబిందువుగా, దాని చుట్టూ కొన్ని ఆంగ్‌స్ట్రాముల ఖాళీతో పెట్టె గీయండి. ప్రొటీన్ మొత్తాన్ని పెట్టెలో పెట్టడం తరచుగా కనిపించే తప్పు.

నాలుగో మెట్టు: రీడాకింగ్. స్ఫటికంలోని మందునే తీసి మళ్ళీ డాక్ చేయండి. పాత స్థానానికీ కొత్త స్థానానికీ తేడా 2 ఆంగ్‌స్ట్రాముల లోపు రాకపోతే అక్కడే ఆగిపోండి. తెలిసిన మందును తెలిసిన చోట పెట్టలేని అమరిక కొత్త అణువు గురించి ఏమి చెప్పినా నమ్మకూడదు. ఈ మెట్టు లేని ప్రాజెక్టును నేను చదవను.

అయిదో మెట్టు: పైమోల్‌లో తెరిచి కళ్ళతో చూడండి. కార్బాక్సిలేట్ 120వ ఆర్జినిన్, 355వ టైరోసిన్ వైపు తిరిగి ఉందా? అంకె ఎంత అందంగా ఉన్నా అణువు తలకిందులుగా ఉంటే అది తప్పే.

ఇప్పుడు స్కోరు, అంటే అణువు ఎంత గట్టిగా అతుక్కుంటుందో వీనా వేసే అంచనా. ఎంత రుణమైతే అంత గట్టి. మైనస్ 8.2 వచ్చిన అణువు మైనస్ 7.9 వచ్చినదానికన్నా మంచి మందు అని రాసేస్తారు. వీనాను 2010లో ప్రచురించినప్పుడు తయారుచేసినవాళ్ళే చెప్పిన ప్రామాణిక దోషం మోల్‌కు సుమారు 2.85 కిలోక్యాలరీలు. పదో వంతుల తేడాలతో ర్యాంకులు కట్టడం గాలిలో దీపం పెట్టడమే. తులసిలోని యాభై అణువులను ఏదో ఒక ప్రొటీన్‌లో వేసి, పెద్ద అణువుకు పెద్ద స్కోరు రాగానే మందు దొరికిందని ప్రకటించే ప్రాజెక్టులు ఇప్పటికే కావలసినన్ని ఉన్నాయి. మీరు చేయాలనుకుంటే పనిచేసే మందు ఒకటి, పనిచేయదని తెలిసిన అణువులు కొన్ని పక్కన పెట్టి పోల్చండి.

7. రక్తంలోకి వెళ్ళాక

ఐబుప్రొఫెన్ అర్ధాయువు సుమారు 2 గంటలు. 0.693ను 2తో భాగిస్తే గంటకు 0.35 అనే రేటు స్థిరాంకంతో బయటికి పోతోంది. సెమీలాగ్ కాగితం మీద చేత్తో గీత గీయండి, కంప్యూటర్ వద్దు. ఎనిమిది గంటల తర్వాత ఎంత మిగిలిందో చూస్తే రోజుకు మూడుసార్లు ఎందుకు వేసుకుంటారో, నెమ్మదిగా విడుదలయ్యే మాత్ర గురించి ఏడో సెమిస్టర్‌లో ఎందుకు చెబుతారో అర్థమవుతుంది.

8. పరీక్షలు, ల్యాబ్ రికార్డు

థియరీలో 75 బయటి పరీక్షకు, 25 లోపలి మార్కులకు. ప్రాక్టికల్‌లో 35, 15. పాసుకు 50 శాతం. హాజరు కనీసం 80 శాతం ఉండాలి.

రికార్డు ఆ రోజే రాయండి. సీనియర్ రికార్డు చూసి ఎక్కించేవాళ్ళను బయటి నుంచి వచ్చే పరీక్షకులు (ఎక్స్‌టర్నల్) ఒక్క ప్రశ్నతో పట్టేస్తారు: "ఈ రీడింగు మీదేనా? ఇది తప్పు కదా?" నిజంగా చేసినవాళ్ళు "అవును, ఇందువల్ల వచ్చింది" అంటారు. చేయనివాళ్ళు రీడింగు మార్చేస్తారు.

వైవాకు వెళ్ళే ముందు రాత్రి:

- మీ మందు అంకెలు ఆరు, మూలాలతో సహా.
- ఫార్ములాలో ప్రతి పదార్థం ఎందుకుంది, తీసేస్తే ఏమవుతుంది.
- విఫలమైన ఒక ప్రయత్నం, దాని కారణం.
- డాకింగ్ రీడాకింగ్ విలువ.

9. ఎంఫార్మసీ వైపు

ఎంఫార్మసీ ప్రవేశానికి రాసే జాతీయ పరీక్ష జీప్యాట్‌లో 3 గంటల్లో 125 ప్రశ్నలు, ఒప్పుకు 4, తప్పుకు మైనస్ 1. 2024 నుంచి దీన్ని వైద్య విద్య పరీక్షల జాతీయ బోర్డు నిర్వహిస్తోంది. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ (జాతీయ ఫార్మా విద్యా పరిశోధన సంస్థ) వంటి సంస్థలకు జీప్యాట్ అర్హతతో పాటు వాటి సొంత ప్రవేశ పరీక్ష రాయాలి. రాష్ట్ర కాలేజీలకు పీజీఈసెట్ దారి ఉంది.

శాఖ ఎంపికలో స్నేహితుల మాట కన్నా మీ నోటుపుస్తకమే నమ్మదగిన సలహాదారు. తిరగేసి చూడండి. జల్లెడలు, గంజి, డిసల్యూషన్ పేజీలు నలిగిపోయి ఉంటే ఫార్మాస్యూటిక్స్. నిర్మాణాలు గీసిన పేజీలు నలిగితే ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ. ఎంఫార్మసీ రెండో ఏడాది ఎక్కువగా పరిశోధనే కాబట్టి, చేరే ముందు గైడ్‌ను కలిసి ఒక్క ప్రశ్న అడగండి: గత బ్యాచ్ విద్యార్థి నమూనాలు ఏ యంత్రం మీద, ఎక్కడ కొలిచారు? బయటి ల్యాబుకు డబ్బు కట్టి పంపారంటే ఆ ఖర్చు ఎవరు పెట్టారో కూడా అక్కడే అడిగేయండి.